పొదుపరికీ పిసినారికీ మధ్య: జీఆర్ఈ పదాలతో నా ఎనిమిది నెలలు

అమెరికా లాంటి దేశాల్లో పీజీ చదవాలనుకునేవాళ్ళు రాసే ప్రవేశ పరీక్ష జీఆర్ఈ. అది రాద్దామని అనుకున్నప్పుడు ఇంగ్లిష్ నన్ను ఇబ్బంది పెడుతుందని అనుకోలేదు. చదువంతా ఇంగ్లిష్‌లోనే సాగింది, ఉద్యోగం కూడా ఇంగ్లిష్‌లోనే. మెయిల్ రాయడానికీ, మీటింగులో మాట్లాడడానికీ నాకున్న ఇంగ్లిష్ చక్కగా సరిపోతుంది. అలాంటిది మొదటి మాక్ టెస్టులో వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగంలో, స్కోరు 146 వచ్చింది. స్కేలు 130 నుంచి 170 దాకా ఉంటుంది కాబట్టి సగానికి ఇంకా కిందే ఉన్నానన్నమాట. ఏ ప్రశ్నలు పోయాయో వెనక్కి వెళ్ళి చూసుకుంటే చాలాచోట్ల వాక్యం అర్థమైంది, ఖాళీలో ఎలాంటి మాట రావాలో కూడా తట్టింది. కింద ఇచ్చిన ఐదు పదాల్లో మూడు నేను జన్మలో చూడనివి.

అందరూ చేసే పనే నేనూ చేశాను. 3,500 పదాల జాబితా ఒకటి సంపాదించి, రోజుకు 50 పదాలు చొప్పున 70 రోజుల్లో పూర్తి చేయాలని లెక్క వేసుకున్నాను. పొద్దున్నే లేచి గంటన్నర కూర్చునేవాడిని. ఎడమవైపు పదం, కుడివైపు అర్థం. కుడివైపు చేత్తో మూసుకుని చదవడం, తీసి చూసుకోవడం. రోజూ 50కి 45 వరకు వచ్చేవి, ఉత్సాహంగా ఉండేది. పన్నెండో రోజున, అప్పటిదాకా చదివిన 600 పదాల్లోంచి ఎక్కడపడితే అక్కడ 40 పదాలు తీసి రాసుకుని పరీక్ష పెట్టుకున్నాను. తొమ్మిది చెప్పగలిగాను. మిగతావన్నీ ఎక్కడో చూసిన మొహాల్లా ఉన్నాయి, పేర్లు మాత్రం నోటికి రావడం లేదు.

ఆ రోజు నిజంగా బాధేసింది. నా జ్ఞాపకశక్తి మీదే అనుమానం వచ్చింది. అది పోగొట్టుకోవడానికే మతిమరుపు గురించి చదవడం మొదలుపెట్టాను. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే దీని మీద పుస్తకం ప్రచురించాడు. ఆయన అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, వాటిని తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలుచుకున్నాడు. నేర్చుకున్న వెంటనే జ్ఞాపకం బాగా నిటారుగా పడిపోతుంది, ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇది చదివాక కాస్త ఊరట కలిగింది, తప్పు నా బుర్రది కాదని. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో సంగతి. ఎబ్బింగ్‌హాస్ కావాలనే అర్థం లేని అక్షరాలు తీసుకున్నాడు. మరి నేను చదువుతున్నవి అర్థం ఉన్న మాటలే కదా, అవెందుకు అంత తొందరగా జారిపోతున్నాయి?

దానికి జవాబు మా అక్క దగ్గర దొరికింది. ఒక సాయంత్రం జాబితా ఆమె చేతికిచ్చి, నన్ను అడగమన్నాను.

"అబ్సీక్వియస్ అంటే?" అంది.

"సర్వైల్, ఫానింగ్" అన్నాను గబగబా.

"సర్వైల్ అంటే?"

కాసేపు ఆగి, "అబ్సీక్వియస్" అన్నాను.

"ఒరేయ్, ఇది అర్థమా? ఆ ఇంటాయన పేరు ఈ ఇంటాయనకీ, ఈ ఇంటాయన పేరు ఆ ఇంటాయనకీ పెట్టినట్టుంది. తెలుగులో చెప్పు, అలాంటి మనిషి ఏం చేస్తాడు?"

ఆలోచించాను. పై అధికారి గదిలోకి రాగానే లేచి కుర్చీ జరిపేవాడు, ఆయన ఏమన్నా నవ్వేవాడు, అడక్కుండానే ఫైలు అందించేవాడు కళ్ళ ముందు కనిపించాడు. "అడుగులకు మడుగులొత్తేవాడు అక్కా" అన్నాను. "అదీ! రాసుకో" అంది. ఆ పదం ఆ తర్వాత ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

అప్పటిదాకా నేను చేస్తున్నది ఎబ్బింగ్‌హాస్ చేసినదే. నాకు తెలియని ఒక ఇంగ్లిష్ పదానికి, నాకు అంతంతమాత్రంగా తెలిసిన ఇంకో ఇంగ్లిష్ పదాన్ని జత కడుతున్నాను. నా వరకు రెండూ అర్థం లేని అక్షరాల గుంపులే. అదే మాటను నేను చిన్నప్పటి నుంచి వింటున్న తెలుగు నుడికారానికి తగిలిస్తే, దాని వెనక ఒక మనిషో, ఒక సన్నివేశమో వచ్చి నిలబడుతోంది.

జాబితా పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి రోజుకు పన్నెండు పదాలకు మించకుండా. ప్రతి పదానికీ నిఘంటువులోని అర్థం చదివి, రెండు మూడు వాక్యాల్లో దాన్ని ఎలా వాడారో చూసి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని "దీన్ని మనవాళ్ళు ఏమంటారు" అని అడుక్కునేవాడిని. పర్‌ఫంక్టరీ అంటే మొక్కుబడిగా చేసింది. ఎగ్జాసర్బేట్ అంటే అగ్నికి ఆజ్యం పోయడం. ఇఫెమెరల్ అంటే మూణ్ణాళ్ళ ముచ్చట. వాసిలేట్ అంటే ఊగిసలాట. సర్కమ్‌లొక్యూషన్ అంటే డొంకతిరుగుడు. రికాల్సిట్రంట్ అంటే మొండిఘటం. చికేనరీ అంటే తిమ్మిని బమ్మిని చేయడం. ప్రికేరియస్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను, 'ప్రమాదకరం' అని రాస్తే ఏదో తక్కువైనట్టు అనిపించింది. ప్రమాదం ఇంకా జరగలేదు, కానీ ఏ క్షణాన ఏం జరుగుతుందో తెలియదు. చివరికి 'దినదినగండం' అని తట్టినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ మాట కోసం వెతికిన పది నిమిషాలే ఆ పదాన్ని నాకు నేర్పాయని నా నమ్మకం. ఎవరైనా రెడీమేడ్‌గా రాసి ఇచ్చి ఉంటే ఇంత గట్టిగా పట్టుకునేది కాదు.

నెల రోజులు గడిచేసరికి దీనిలోనూ ఒక చిక్కు ఎదురైంది. ఒక తెలుగు మాట నాలుగైదు ఇంగ్లిష్ పదాలను మింగేస్తోంది. గారులస్, లొక్వేషస్, వాల్యుబుల్, వెర్బోస్, ప్రోలిక్స్, అన్నింటికీ నేను 'వాగుడు' అనే రాసుకున్నాను. పరీక్ష వాటి మధ్య తేడానే అడుగుతుంది. మళ్ళీ వాక్యాల్లోకి వెళ్ళి చూస్తే, గారులస్ అంటే పనికిరాని కబుర్లు ఆపకుండా చెప్పేవాడు, మన వాగుడుకాయ. వాల్యుబుల్ అంటే ధారాళంగా మాట్లాడేవాడు, అందులో తిట్టు ఉండితీరాలని లేదు. వెర్బోస్ అవసరానికి మించి మాటలు వాడిన ప్రసంగానికో రాతకో చెబుతారు. ప్రోలిక్స్ అయితే చదివేవాడికి విసుగొచ్చేంత సాగదీత.

ఈ తేడాలు పట్టుకోవడానికి నాకు దారి చూపించినవి రెండు తెలుగు మాటలు: పొదుపరి, పిసినారి. ఇద్దరూ డబ్బు తక్కువే ఖర్చు పెడతారు. ఒకటి మెప్పు, ఒకటి తిట్టు. ఎవరినైనా మొహం మీద పొదుపరి అనొచ్చు, పిసినారి అంటే గొడవైపోతుంది. సరిగ్గా ఇదే తేడా ఫ్రూగల్‌కీ పార్సిమోనియస్‌కీ మధ్య ఉంది. డెఫరెన్షియల్ అంటే పెద్దల ముందు గౌరవంగా ఒదిగి ఉండడం, అబ్సీక్వియస్ అంటే అదే ఒదుగుడు వెగటు పుట్టించేదాకా పోవడం. తెలుగులో ఈ తేడా మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లిష్‌లో మాత్రం అర్థం తెలిస్తే చాలనుకుంటాం, ఆ మాట మెచ్చుకుంటోందా, దెప్పుతోందా అన్నది పట్టించుకోం. నేను పట్టించుకోకపోవడం వల్ల పోగొట్టుకున్న మార్కులు కొన్ని ఉన్నాయి, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఆ తర్వాత నా కార్డులు మారాయి. ఒక కార్డు ఇప్పుడు నా ముందుంది, అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ముందువైపు పదం ఒంటరిగా లేదు, ఒక వాక్యంలో ఉంది: అంతకుముందు ఎంతో శ్రద్ధగా పనిచేసే గుమస్తా ఆ రోజు కాగితాలను పర్‌ఫంక్టరీగా చూసి సంతకం పెట్టేశాడని అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం. పదం కింద గీత. వెనకవైపు పైన కుడి మూలన ఒక మైనస్ గుర్తు, అంటే ఇది దెప్పే మాట. మధ్యలో పెద్ద అక్షరాలతో 'మొక్కుబడిగా'. దాని కింద చిన్నగా 'కర్సరీతో దగ్గర: అది పైపైన చూడడం, తొందర వల్ల కూడా కావచ్చు, ఇది మనసు పెట్టకపోవడం వల్లే'. అడుగున 'తిరగేస్తే: మెటిక్యులస్', అంటే ఎంతో శ్రద్ధగా చేసేది. అంతే. ఇలాంటి కార్డు ఒకటి రాయడానికి ఐదు నిమిషాలు పట్టేది, రాయడంలోనే సగం నేర్చుకోవడం అయిపోయేది.

ఈ కార్డులను ఒక అట్టపెట్టెలో ఐదు అరలు చేసి పెట్టుకున్నాను. ఇది సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మొదటి అరలోవి రోజూ చూడాలి. చెప్పగలిగితే కార్డు రెండో అరలోకి వెళుతుంది, దాన్ని మూడు రోజులకోసారి చూస్తాను. తర్వాతి అరలు వారానికి, రెండు వారాలకు, నెలకు. ఏ అరలో తప్పినా కార్డు మళ్ళీ మొదటి అరలోకే వచ్చి పడుతుంది. ఇదే పని ఫోనులో చేసిపెట్టే ఆంకీ లాంటి ఆప్‌లు ఉన్నాయి, కొన్నాళ్ళు వాడాను కూడా. ఎక్కువ కార్డులుంటే అదే మేలు. నాకు మాత్రం చేత్తో రాసిన కార్డే బాగా గుర్తుండింది, ఆ అక్షరాలు కార్డులో ఎక్కడున్నాయో కూడా కళ్ళకు కడుతుంది.

ఒక్క నియమం మాత్రం కచ్చితంగా పెట్టుకున్నాను. వెనక్కి తిప్పే ముందు నోరు తెరిచి జవాబు చెప్పాలి. తప్పయినా సరే, ఏదో ఒకటి పైకి చెప్పాలి. మనసులో 'ఆ, తెలుసులే' అనుకుని తిప్పేస్తే కార్డు చూడగానే నిజంగానే తెలిసినట్టు అనిపిస్తుంది. మొదటి పన్నెండు రోజులు నన్ను మోసం చేసింది ఆ 'తెలుసులే' కదా.

లాటిన్, గ్రీకు మూలాల గురించి చాలామంది గొప్పగా చెబుతారు. సాయపడతాయి, కొంతవరకు. లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడడం అని తెలిస్తే లొక్వేషస్, ఎలొక్వెంట్, కలోక్వియల్, గ్రాండిలొక్వెంట్ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. 'ఆనిమస్' అంటే మనసు. పెద్ద మనసు మాగ్నానిమస్, పిడికెడు మనసు ప్యుసిలానిమస్, సమంగా నిలిచే మనసు ఈక్వానిమిటీ. ఇవి నేర్చుకున్న రోజు ఎంతో బాగుంది. ప్రాచీన గ్రీకు వైద్యంలో మనిషి స్వభావానికి నాలుగు ద్రవాలు కారణమనుకునేవారని చదివినప్పుడు సాంగ్విన్, ఫ్లెగ్మాటిక్, కొలెరిక్, మెలంకొలిక్ నాలుగూ ఒక్కసారిగా వచ్చేశాయి. రక్తం ఎక్కువైతే హుషారు, ఆశాభావం. కఫం ఎక్కువైతే చలనం లేని నిదానం. పసుపు పైత్యానికి కోపం, నల్ల పైత్యానికి దిగులు.

అయితే మూలం తెలుసు కదా అని ఊహించబోతే దెబ్బ తింటాం. సాంగ్విన్ అంటే ఆశతో ఉండడం, అదే రక్తం నుంచి పుట్టిన సాంగ్వినరీ అంటే రక్తపాతం. ఎనర్వేట్‌లో నాకు ఎనర్జీ వినిపించి, ఉత్తేజపరచడం అనుకున్నాను. దాని అర్థం సత్తువ లాగేయడం, నరాలు పీకేసినట్టు చేయడం. రెస్టివ్‌లో రెస్ట్ లేదు, కుదురు లేకపోవడం ఉంది. నాయ్‌సమ్‌కు శబ్దంతో పనే లేదు, కంపు కొట్టేదనో హాని చేసేదనో అర్థం. ఇలా మోసం చేసే పదాలకు విడిగా ఒక కట్ట కట్టుకున్నాను.

నాలుగు నెలలయ్యాక రెండో మాక్ టెస్టు రాశాను. 151. అంత కష్టపడితే ఐదు పాయింట్లేనా అని చాలా నీరసపడ్డాను. రెండు రోజులు ఆ పేపర్ జోలికి పోలేదు. తర్వాత తప్పు పోయిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఏ పదం వల్ల పోయిందో పక్కన రాసుకుంటూ వెళ్ళాను. పెద్ద పదాల వల్ల పోయినవి చాలా తక్కువ. నన్ను పడగొట్టినవి చిన్న పదాలు, నాకు పదేళ్ళుగా తెలిసినవి.

ఉదాహరణకు క్వాలిఫై. మనకు తెలిసింది అర్హత సాధించడం. వ్యాసాల్లో దానికి ఇంకో పని ఉంది: ఒక మాట చెప్పి, 'అయితే' అంటూ దాని జోరు తగ్గించడం. విమర్శకుడి మెప్పు క్వాలిఫైడ్ అంటే అర్హత గల మెప్పు కాదు, 'బాగుంది గానీ' అనే మెప్పు. నేను దాన్ని పొగడ్త అనుకుని ఖాళీలో పొగిడే పదమే పెట్టాను. ఫ్లాగ్ అంటే జెండా ఒక్కటే కాదు, ఉత్సాహం సన్నగిల్లడం కూడా. వాంటింగ్ అంటే కోరుకోవడం కాదు, ఏదో లోటు ఉండడం. మాటల్లో ఎకానమీ అంటే క్లుప్తత. పెడెస్ట్రియన్ రచన అంటే ప్రత్యేకత ఏమీ లేని చప్పిడి రచన. చెక్ అంటే అదుపు చేయడం, టెంపర్ అంటే తీవ్రత తగ్గించడం, హస్బెండ్ క్రియగా వస్తే ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవడం. శాంక్షన్ మరీ కష్టం. అనుమతించడమూ అదే, ఆంక్ష పెట్టడమూ అదే. ఏదో తేల్చేది వాక్యమే.

తెలియని పదం కనపడితే మనం జాగ్రత్త పడతాం. ఇలాంటివి తెలిసిన పదాలు కాబట్టి అనుమానమే రాదు. ఇలాంటివి 80 దాకా పోగు చేసి ఎర్ర సిరాతో కార్డులు రాశాను. ఆ చివరి నెలల్లో నా స్కోరు పెరగడానికి నేర్చుకున్న కొత్త పదాలకంటే ఈ ఎర్ర కార్డులే ఎక్కువ కారణమని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎవరైనా నన్ను అడిగితే ఈ కట్ట నుంచే మొదలుపెట్టమంటాను.

పరీక్ష స్వరూపం ముందే సరిగ్గా చదువుకుని ఉంటే ఆ 3,500 పదాల జాబితా వైపు వెళ్ళేవాడినే కాదు. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో పదం ఇచ్చి దానికి వ్యతిరేక పదం అడిగేవారు, రెండు పదాల మధ్య సంబంధం లాంటిదే ఇంకో జంట అడిగేవారు. అప్పుడు పదం ఒంటరిగా తెలిసినా పనికొచ్చేది. ఆ ఏడాది ఆ రెండూ తీసేశారు. ఇప్పుడున్నవి వాక్యంలో ఖాళీలు పూరించడం, ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు ఎంచుకోవడం, వ్యాసం చదివి జవాబివ్వడం. ఖాళీలు మూడుంటే మూడూ సరిగ్గా పెట్టాలి, రెండు పెట్టినందుకు సగం మార్కు ఉండదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ వదిలేయకూడదు కూడా.

ఆరింట్లో రెండు ఎంచుకునే ప్రశ్న గురించి ఒక మాట. నేను అభ్యాసం కోసం రాసుకున్నదే చెబుతాను. 'ఎప్పుడూ గంటలకొద్దీ మాట్లాడే మంత్రి ఆ సమావేశంలో ఎందుకో చాలా ___ ఉన్నాడు.' కింద టాసిటర్న్, గారులస్, జోవియల్, రెటిసెంట్, వాల్యుబుల్, కాండిడ్. మొదట్లో నేను వాక్యం పూర్తిగా చదవకుండానే పర్యాయపదాల జంట వెతికేవాడిని. గారులస్, వాల్యుబుల్ జంటగా కనిపించగానే టిక్ పెట్టేవాడిని. 'ఎందుకో' అన్న చిన్న మాట మొత్తం తిప్పేసిందని గమనించేవాడిని కాదు. ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ఆరు పదాలనూ చేత్తో మూసి, వాక్యం చదివి, ఖాళీలో నా తెలుగు మాట పెట్టుకోవడం. ఇక్కడ 'ముభావంగా'. ఆ తర్వాతే చెయ్యి తీసి టాసిటర్న్, రెటిసెంట్ వెతకడం. కార్డుల కోసం పోగేసిన తెలుగు మాటలు ఇలా ప్రశ్నలోపలికి కూడా వచ్చి పనిచేస్తాయని నేను ముందు అనుకోలేదు.

ఆరో నెలలో ఆఫీసు పని మీద పడి పదిహేను రోజులు పెట్టె తెరవలేదు. తెరిచేసరికి చూడాల్సిన కార్డులు 240. టెన్షన్‌తో ఒక్కరోజులో అన్నీ తిరగేయాలని కూర్చున్నాను, వందో కార్డు దగ్గర కళ్ళు చదువుతున్నాయి, తలకెక్కడం లేదు. కొత్త పదాలు పూర్తిగా ఆపేసి, రోజుకు 40 పాత కార్డులు మాత్రం చూశాను. దారిలో పడడానికి వారం పట్టింది. ఆ నెల నుంచే రాత్రిపూట ఒక వ్యాసం చదవడం కూడా మొదలుపెట్టాను, సైన్స్ ఒకరోజు, చరిత్ర ఒకరోజు, కళల మీద ఒకరోజు. కార్డులో కలిసిన పదం వ్యాసంలో ఎదురైతే మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టేవాడిని. మొదటి వారంలో ఒక వ్యాసానికి ఒకటో రెండో చుక్కలు, రెండు నెలలయ్యేసరికి ఏడెనిమిది.

మొత్తం లెక్క చూసుకుంటే ఎనిమిది నెలల్లో దాదాపు 900 పదాలు. 3,500 ఎక్కడ, 900 ఎక్కడ! కానీ ఈ 900 నాకు గుణగణాలతో సహా తెలుసు.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పబోమని ఒప్పుకునే కూర్చుంటాం కాబట్టి వాటి గురించి ఏమీ చెప్పను. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను కుదించి రెండు గంటల లోపుకు తెచ్చారు. వెర్బల్ రెండు విడతలు, 12 ప్రశ్నలకు 18 నిమిషాలు, 15 ప్రశ్నలకు 23 నిమిషాలు. మొదటి విడతలో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండోది ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయమవుతుంది. రెండో విడత మొదటి ప్రశ్న చదవగానే గట్టిగా ఉందనిపించింది, భయం వేయలేదు, మొదటిది బాగా చేసినట్టున్నానని ధైర్యం వచ్చింది. చెయ్యి తెర మీద అడ్డం పెట్టి, ఖాళీలో తెలుగు మాట పెట్టుకుంటూ వెళ్ళాను. చివర్లో తెర మీద అనధికారిక స్కోరు కనిపించింది. వెర్బల్ 160.

ఇంటికొచ్చి అక్కకు చెబితే, "మరి ఆ అబ్సీక్వియస్ వచ్చిందా?" అంది. చెప్పకూడదన్నాను.

పెట్టె ఇంకా నా బల్ల మీదే ఉంది. మొదటి అరలో పదకొండు కార్డులున్నాయి. వాటిలో డెసల్టరీ ఒకటి, ఒక పద్ధతీ పొంతనా లేకుండా దీని మీంచి దాని మీదకు దూకుతూ సాగేది అని రాసుకున్నాను. అది వివరణే గానీ మాట కాదు. సరైన తెలుగు మాట కోసం ఇంకా వెతుకుతున్నాను.